రేడియో మాస్టారి జాక్సన్ స్పెషల్

మొన్న షుగర్ టెస్టుకని ల్యాబుకెళ్లి చెయ్యి చాపాను. ఆ అమ్మాయి దూది స్పిరిట్లో ముంచి మోచేతి మడత దగ్గర తుడిచింది. సూది గుచ్చకముందే నా మనసు అమలాపురం వెళ్లిపోయింది. స్పిరిట్ వాసన అందరికీ ఆస్పత్రిని గుర్తుచేస్తుంది. నాకు మాత్రం టేప్‌రికార్డరు హెడ్డు, అంటే టేపు మీది పాటని చదివే భాగం, గుర్తొస్తుంది.

గడియార స్తంభం సెంటరు నుంచి నాలుగడుగులు వేస్తే ఒక సందులో మా రికార్డింగ్ సెంటరు, అడిగిన పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చే షాపు, ఉండేది. షాపు నాది కాదు, అయినా మాది అనే అంటాను. ఇంటర్ అయ్యాక ఖాళీగా తిరుగుతుంటే మా మావయ్య తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టాడు. ఓనరు గారిని ఊరంతా రేడియో మాస్టారు అనేవారు. వాల్వు రేడియోల కాలం నుంచి రిపేర్లు చేసిన చెయ్యి ఆయనది. క్యాసెట్ల కాలం వచ్చాక రిపేరు బల్ల వెనక్కి జరిపి, ముందు గాజు అలమరాలు పెట్టారు. బల్ల మాత్రం తీసెయ్యలేదు. సాల్డరింగ్ పొగ, స్పిరిట్, అగరొత్తి, ఈ మూడూ కలిసిన వాసనే మా షాపు వాసన.

పొద్దున్నే తలుపులు తీసి, ఊడ్చి, నీళ్లు జల్లి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాక మొదటి పని హెడ్డు తుడవడం. అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్లో తడిపి, డెక్కు మూత తీసి, హెడ్డూ దాని పక్కన తిరిగే రబ్బరు రోలరూ మెల్లగా రుద్దాలి. దూదికి గోధుమరంగు మరక అంటుకునేది. మరక రావడం ఆగేదాకా పుల్లలు మారుస్తూనే ఉండాలి. ఆ తర్వాతే పాట. పొద్దుటిపూట ఘంటసాల గారి భగవద్గీత, పదింటికి కాలేజీ కుర్రాళ్లు రావడం మొదలయ్యాక కొత్త సినిమాలు. మధ్యాహ్నం బేరాలుండవు కాబట్టి మాస్టారికి ఇష్టమైనవేవో పెట్టుకునేవారు.

జనం లిస్టులు పట్టుకొచ్చేవారు. రూళ్ల కాగితం మీద, పెళ్లి శుభలేఖ వెనక, సిగరెట్ పెట్టె చించి లోపలి అట్ట మీద. "మాస్టారండి, ఇయ్యన్నీ ఒక దాన్లో పట్టించండి" అని ఇచ్చేసి, "సాయంత్రానికి అయిపోద్దాండీ?" అని అడిగేవారు. "ఆయ్, రేపు రండి" అనేవారాయన. ప్రతి లిస్టూ ఒక పొడుగు నోటు పుస్తకంలోకి ఎక్కించి, పాట పక్కన నిమిషాలు, సెకన్లు పెన్సిల్‌తో రాసేవారు. సీ-60 అంటే వైపుకి అరగంట, సీ-90 అంటే వైపుకి ముప్పావుగంట. పాట మధ్యలో టేపు అయిపోవడం ఆయన దృష్టిలో పెద్ద తప్పు. అందుకని వరస మార్చి, ఆరు నిమిషాల పాట తీసి నాలుగు నిమిషాలది పెట్టి, ఎలాగోలా ముప్పావుగంటలో ఇమిడ్చేవారు.

ఊళ్లో హైస్పీడు డబ్బింగ్ చేసే షాపులు ఉండేవి. అక్కడ గంట పాటలు అరగంటలో ఎక్కిపోతాయి. మాస్టారు దానికి ఒప్పుకునేవారు కాదు. "తాళాల చప్పుడు చచ్చిపోద్దిరా అబ్బాయ్" అనేవారు. మామూలు స్పీడులోనే, మొదటి నుంచి చివరిదాకా వింటూ ఎక్కించాలి. కరెంటు పోతే ఆ పాట చెరిపి మళ్లీ మొదటి నుంచి. అన్నీ అయ్యాక క్యాసెట్టు వెనక రెండు చిన్న రేకులు స్క్రూడ్రైవరుతో విరిచేస్తే, ఇక దాని మీద పొరపాటున కూడా వేరే పాట పడదు. లోపలి కార్డు మీద పేర్లు రాసే పని నాది. నా దస్తూరి బాగుంటుందనే మావయ్య మాట ఆయన నమ్మారు.

మైకేల్ జాక్సన్ 'హిస్టరీ' ఆల్బం విడుదలైంది 1995 జూన్‌లో. మా దాకా వచ్చేసరికి వానలు తగ్గుముఖం పట్టాయి. రెండు క్యాసెట్ల సెట్టు. మొదటిదాన్లో 15 పాత హిట్లు, రెండోదాన్లో 15 కొత్తవి. 1979 నాటి 'ఆఫ్ ది వాల్' నుంచి 1991 'డేంజరస్' దాకా నాలుగు ఆల్బముల్లోంచి ఏరిన పాటలు మొదటి క్యాసెట్టులో ఉన్నాయి. అప్పటిదాకా మా దగ్గర జాక్సన్ అంటే ముక్కలు ముక్కలుగానే ఉండేవాడు. 'త్రిల్లర్' ఒకరి దగ్గర, 'బ్యాడ్' ఇంకొకరి దగ్గర, అదీ కాపీకి కాపీ. పన్నెండేళ్ల పాటలన్నీ శుభ్రంగా రీమాస్టర్ చేసి ఒక్కచోట పెట్టడం మాస్టారికి ఎంత నచ్చిందో చెప్పలేను. "ఇదీ పద్ధతంటే. మనిషి మొత్తం కనిపించాలి" అన్నారు.

అట్ట మీద జాక్సన్ విగ్రహం. దాని ప్రచారం కోసం ముప్పై అడుగులు దాటిన విగ్రహాలు చేయించి యూరప్‌లో నిలబెట్టారు. ఒకదాన్ని లండన్లో థేమ్స్ నది మీద బార్జిలో ఊరేగించారు. కాలేజీ కుర్రాడొకడు ఇంగ్లీషు పత్రికలో ఆ ఫోటో తెచ్చి చూపించాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. కోటిపల్లి రేవులో పంటు మీద లారీలు ఎక్కించడం చూసిన మనిషి కదా, "అడుగున బరువెంత పెట్టుంటారంటావ్? గాలి తోస్తే ఒరిగిపోదూ?" అని అడిగారు. ఆ కుర్రాడికి పాటల గురించి ఎంతైనా తెలుసు గానీ దీనికి జవాబు తెలియలేదు.

రెండు క్యాసెట్ల సెట్టు కొనే స్తోమత అందరికీ ఉండేది కాదు. అందుకని మాస్టారు ఒక సీ-90 తయారుచేశారు. నోటు పుస్తకంలో దాని పేరు 'జాక్సన్ స్పెషల్'. మొదటి క్యాసెట్టులోని 15 పాటలూ కలిపి 70 నిమిషాలు దాటాయి. ఇంకా ఇరవై నిమిషాలకి కాస్త తక్కువ మిగిలింది. అందులో కొత్త పాటలు మూడు పెట్టారు. 'యు ఆర్ నాట్ అలోన్' మొదటిది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టికలోకి నేరుగా ఒకటో స్థానంలో అడుగుపెట్టిన మొట్టమొదటి పాట అదే. రెండోది 'దే డోంట్ కేర్ అబౌట్ అజ్', దానికి కుర్రాళ్ల పట్టుదలే కారణం. ఆఖరున 'ఎర్త్ సాంగ్'. బ్రిటన్లో ఆ ఏడాది క్రిస్మస్‌కి ఒకటో నంబరు అదే.

మాస్టారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. 'ఎర్త్ సాంగ్' వింటున్నప్పుడు మాత్రం పని ఆపేసేవారు. చివర్లో ఆ అరుపులూ, వెనక కోరస్ ఎదురు పలకడమూ విని, "ఎవర్నో నిలదీస్తున్నాడ్రా" అనేవారు. ఓ రోజు బ్యాటరీలకి వచ్చిన ఇంగ్లీషు లెక్చరర్ గారిని స్టూలు మీద కూర్చోబెట్టి, పాట మొత్తం వినిపించి, అర్థం చెప్పించుకున్నారు. భూమినీ, చెట్లనీ, జంతువుల్నీ మనం ఏం చేశామని అడుగుతున్నాడని ఆయన చెప్పారు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పై అరలోంచి ఘంటసాల గారి 'పుష్పవిలాపం' తీశారు.

కరుణశ్రీ గారి పద్యాలవి. పూజకి పూలు కోయబోయిన మనిషిని ఆ పూలే నిలదీస్తాయి. మా వైపు ఆ పద్యాలు రానివాళ్లు తక్కువ. సీ-90 చివర్లో ఇంకో ఒకటిన్నర నిమిషం ఖాళీ ఉంది. అందులో ఒక పద్యం పెట్టేశారు. జాక్సన్ అరుపు ఆగగానే, చిన్న ఖాళీ తర్వాత, ఘంటసాల గొంతు.

మొదట్లో కుర్రాళ్లు ఊరుకోలేదు. ఒకడు క్యాసెట్టు వెనక్కి తెచ్చాడు.

"మాస్టారండి, ఆఖర్న పద్యం పడిపోయిందండి."

"పడలేదు బాబూ, పెట్టాను. పాట అయ్యాక ఆపెయ్యకుండా విను."

"ఆయ్" అని వెళ్లిపోయాడు. మళ్లీ తేలేదు. ఆ తర్వాత పద్యం తీసెయ్యమని ఎవరూ అడిగిన గుర్తు లేదు నాకు. పెద్ద పెద్ద కంపెనీలు తర్వాత ఎన్ని సంకలనాలు తెచ్చినా, ఆ రెండు గొంతుల్ని పక్కపక్కన పెట్టిన మనిషి ఒక్కడే అని నేను ఎక్కడైనా చెబుతాను.

ఆ స్పెషల్ ఎక్కువగా పట్టుకెళ్లింది డాన్సు కుర్రాళ్లు. మా చుట్టుపక్కల ఊళ్లలో బ్రేక్‌డాన్సు పిచ్చి అప్పటికి ముదిరింది. మూన్‌వాక్‌ని, అంటే ముందుకి నడుస్తున్నట్టే ఉండి వెనక్కి జారే నడకని, జాక్సన్ 1983లో మోటౌన్ రికార్డు కంపెనీ పాతికేళ్ల పండగ కార్యక్రమంలో, 'బిల్లీ జీన్' పాటకి, మొదటిసారి లోకానికి చూపించాడు. మావాళ్లు అది చూసింది వీడియో పార్లర్లో, గీతలు పడ్డ వీహెచ్‌ఎస్‌లో. నేర్చుకున్నది రైస్‌మిల్లులో. మిల్లు గచ్చు మీద సన్నటి తవుడు పరుచుకుని ఉంటుంది కదా, మేజోళ్లు వేసుకుని వెనక్కి జారితే ఎక్కడా పట్టెయ్యదు. ఆదివారం మిల్లు ఆడదు. గుమస్తా గారిని బతిమాలి తలుపు తీయించుకుని, స్పెషల్ పెట్టుకుని, మధ్యాహ్నమంతా అక్కడే. సాయంత్రం షాపుకొచ్చేసరికి మోకాళ్ల దాకా తవుడు, కనుబొమల మీద తవుడు.

సంక్రాంతి వచ్చిందంటే వాళ్లకి చేతినిండా ప్రోగ్రాములు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పగలంతా ప్రభల్ని భుజాల మీద మోస్తూ వరిచేలల్లోంచి, కౌశిక కాలువ దాటించి తెస్తారు. ఆ గరగలూ డప్పులూ చూసి జనం ఇళ్లకి చేరాక, రాత్రి ఏదో ఒక ఊళ్లో స్టేజీ కడతారు. మైక్‌సెట్ అతను కొబ్బరిచెట్టుకి గొట్టం మైకులు కట్టి, జనరేటర్ లాగి, మా దగ్గర పట్టించిన క్యాసెట్లు వరసగా పేర్చుకునేవాడు. సినిమా పాటల మధ్యలో, నల్ల టోపీ, ఒక చేతికి మాత్రమే తళుకుల గ్లౌజు పెట్టుకున్న కుర్రాడొకడు వెనక్కి నడుచుకుంటూ స్టేజీ మీదకొచ్చేవాడు. ముందు చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కూడా ఈలలకి నవ్వేవారు. ఆ గ్లౌజు కుట్టింది వాళ్ల అక్క. పాత పట్టుచీర అంచు తళుకులు విప్పి అతికించింది.

1996లో జాక్సన్ బొంబాయి వచ్చాడు. నవంబర్ 1న అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్సులో ప్రోగ్రాం. ఆ వారమంతా మా షాపులో వేరే మాటే లేదు. పేపరు ముక్కలు కత్తిరించి గాజు అలమరాకి లోపలివైపు అంటించాం. మా మిల్లు బృందంలో ఒకడు అప్పటికే బొంబాయిలో ఉన్నాడు. జాక్సన్ కోసం కాదు, మస్కట్ వీసా కోసం. ఏజెంటు ఇవాళ రేపు అంటూ తిప్పుతుంటే ఏదో గదిలో పదిమందితో పడి ఉన్నాడు. వాడు చూస్తాడా చూడడా అని ఇక్కడ మాకు టెన్షన్.

ఆ ముచ్చట ఇంకా తీరనేలేదు. నవంబర్ 6 రాత్రి తుపాను మా మీద పడింది.

కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చూడనివాళ్లకి ఎంత చెప్పినా చాలదు. గాలి ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు తెల్లవార్లూ వినిపించింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లిన మత్స్యకారులు చాలామంది తిరిగిరాలేదు. తెల్లారి చూస్తే దారి ఏదో తోట ఏదో తెలియలేదు. కరెంటు వారాల తరబడి లేదు.

షాపు రేకు ఎగిరిపోయింది. అలమరాల్లోకి నీళ్లు దిగాయి. అంటించిన పేపరు ముక్కలు ముద్దైపోయాయి. మాస్టారు ఏడుస్తారేమో అనుకున్నాను. ఆయన లుంగీ ఎగగట్టి, వెనక బల్ల ఎండలోకి లాగి, చిన్న స్క్రూడ్రైవరు తీశారు. క్యాసెట్టుకి ఐదు స్క్రూలుంటాయి. అవి విప్పి, పైపెంకు తీసి, రెండు చక్రాల మీది టేపునీ మంచినీళ్లలో ముంచి బురద వదిలించి, నీడలో మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టి, కొత్త పెంకులో ఎక్కించాలి. టేపు మెలిక పడితే అంతే సంగతులు. అలా రోజుల తరబడి చేశాం. పాటలు కొనడానికి ఎవరొస్తారు? జనం వచ్చింది బ్యాటరీల కోసం, రేడియో వార్తల కోసం. మాస్టారు ఒక ట్రాన్సిస్టర్ షాపు మెట్టు మీదే పెట్టి ఉంచారు. వార్తలప్పుడు రోడ్డు మీదే గుంపు కట్టేవారు.

'హిస్టరీ'లో మొదటి క్యాసెట్టు బతికింది. రెండోది దక్కలేదు. స్పెషల్ అసలు ప్రతి కూడా పోయింది. పోయిందనుకున్నాక మైక్‌సెట్ అతను వచ్చాడు. తన క్యాసెట్లన్నీ పాలిథిన్ సంచిలో మూటకట్టి ఇంటి వాసానికి వేలాడదీశాడట, ఒక్కటీ తడవలేదు. కరెంటు వచ్చాక పాత పాటలు బతికిన క్యాసెట్టు నుంచి, మిగతావి ఆ కాపీ నుంచి తీసుకుని మాస్టారు మళ్లీ స్పెషల్ తీశారు. కొత్త పాటల దగ్గర సన్నటి 'స్...' చప్పుడు వినిపించేది. దాన్ని ఎంత తగ్గిద్దామన్నా తగ్గలేదు. తుపాను తర్వాత కొన్నవాళ్ల దగ్గర ఉన్నది ఆ చప్పుడున్న ప్రతే.

బొంబాయి నుంచి ఉత్తరం ఆ గందరగోళంలో ఎక్కడెక్కడో తిరిగి, ఎప్పుడో చేరింది. టికెట్టు కొనే తాహతు లేక బయటే నిలబడ్డాడట. గోడ అవతలి నుంచి వినిపించినంతా విన్నాడట. లైట్లు ఆకాశంలోకి లేవడం చూశాడట. "మన మాస్టారి దాంట్లో వరస ఇది కాదు" అని రాశాడు. కింద, "ఇల్లు ఎలా ఉందో రాయండి" అని ఉంది. వాళ్ల ఇల్లు పడిపోయింది. అమ్మానాన్నా క్షేమం. ఆ సంగతి రాసి పంపిన ఉత్తరం నా చేత్తోనే రాశాను.

తర్వాతి కాలం తొందరగా వెళ్లిపోయింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. షాపులో కంప్యూటరూ, సీడీ రైటరూ వచ్చాయి. 2001లో కంపెనీవాళ్లు 'హిస్టరీ'లో మొదటి భాగాన్ని విడగొట్టి 'గ్రేటెస్ట్ హిట్స్' అని ఒక్క సీడీగా మళ్లీ వదిలారు. 2003లో 'నంబర్ వన్స్' వచ్చింది, నాలుగు రకాల అట్టలతో. సెలవులకి వెళ్తూ పట్టుకెళ్లాను. మాస్టారు వెంటనే నిమిషాలు చూశారు. 'హిస్టరీ'లో ఆరు నిమిషాలుండే 'డోంట్ స్టాప్' పాట ఇందులో నాలుగు నిమిషాలు కూడా లేదు. "తోక కోసేశారు. చోటు చాలకపోతే పాట మార్చాలిగానీ, పాటని కొయ్యకూడదు" అన్నారు. నిజంగా బాధపడ్డారు.

ఇంకో తేడా నాకు హైదరాబాద్‌లో తెలిసింది. స్నేహితుడి దగ్గర 'హిస్టరీ' సీడీ విన్నాను. 'దే డోంట్ కేర్ అబౌట్ అజ్'లో ఒకచోట మాటలు వినపడకుండా వాయిద్యం చప్పుడు అడ్డం వచ్చింది. మా క్యాసెట్టులో అలా లేదు. ఆ మాటలు యూదుల్ని కించపరిచేలా ఉన్నాయని 1995లోనే గొడవ జరిగింది. తన ఉద్దేశం అది కాదని జాక్సన్ క్షమాపణ చెప్పి, తర్వాతి ప్రతుల్లో ఆ మాటల్ని కప్పేయించాడు. ఫోన్‌లో మాస్టారికి చెబితే, "నొప్పి కలిగిందన్నప్పుడు దిద్దుకోవడం మంచిదే" అన్నారు. ఆయన మాట నాకూ సబబే అనిపించింది.

2005లో 'ది ఎసెన్షియల్', 2008లో జాక్సన్ యాభయ్యో పుట్టినరోజుకి 'కింగ్ ఆఫ్ పాప్'. ఆ రెండోదాన్ని ఒక్కో దేశంలో అభిమానుల ఓట్లని బట్టి ఒక్కో రకంగా తెచ్చారు. అప్పటికి మా షాపులో పాటలకి గిరాకీ లేదు. మెమరీ కార్డులో వందల పాటలు నింపి ఇస్తున్నారు. మాస్టారు రీచార్జ్‌లు కూడా చేస్తున్నారు. నోటు పుస్తకం మాత్రం సొరుగులోనే ఉంది.

2009 జూన్ 26 తెల్లవారుజామున ఫోన్ మోగింది. అమెరికాలో అప్పటికి ఇంకా 25వ తేదీ. "ఏరా, విన్నావా? మనవాడు పోయాడంట" అన్నారు. మనవాడు అంటే ఎవరని నేను అడగలేదు. ఆ రోజు షాపు ముందు సౌండ్‌బాక్స్ పెట్టి స్పెషల్ వేశారట. మిల్లు కుర్రాళ్లు, అప్పటికి పిల్లల తండ్రులు, ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారట. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, ఎవరెవరు వచ్చారో పేరుపేరునా చెప్పారు.

మాస్టారు పోయి కొన్నేళ్లయింది. షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లకి గ్లాసులు అతికిస్తున్నారు. వాళ్లబ్బాయి నన్ను పిలిచి నోటు పుస్తకం చేతిలో పెట్టాడు. "నాన్నగారు మీకిమ్మన్నారండి" అన్నాడు. తుపాను నీళ్లకి అంచులు బిరుసెక్కాయి గానీ పెన్సిల్ రాత చెరగలేదు. 'జాక్సన్ స్పెషల్' పేజీలో పాటలన్నీ ఉన్నాయి, నిమిషాలతో సహా. ఆఖరి వరసలో 'పద్యం' అని మాత్రమే ఉంది. పుష్పవిలాపంలో ఏ పద్యమో రాయలేదు. నేను ఒకటి అనుకుంటున్నాను, మైక్‌సెట్ అతను ఇంకొకటంటాడు. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం.

తేల్చగలిగినవాడు మస్కట్ కుర్రాడొక్కడే. వాడి దగ్గర తుపానుకి ముందు పట్టించిన ప్రతి ఉంది, ఆ సన్నటి చప్పుడు లేనిది. వీసా కోసం బొంబాయి బయల్దేరినప్పుడు సంచిలో పెట్టుకెళ్లాడు, ఇప్పుడు ఊరికి తెచ్చి బీరువాలో దాచాడు. వినడానికి డెక్కు కావాలి. మాస్టారి డెక్కు వాళ్లింట్లోనే ఉంది, హెడ్డు బాగానే ఉంది, లోపలి రబ్బరు బెల్టు మాత్రం కరిగి జిగురైపోయింది. కాకినాడలో అడిగాను, రాజమండ్రిలో రిపేరు చేసే ఒకాయన్ని అడిగాను, ఆ సైజు లేదన్నారు. పాత డబుల్ డెక్కుల బెల్టులు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. సైజు కొలిచి పంపిస్తాను. సంక్రాంతికి నేను అమలాపురంలోనే ఉంటాను.